పెన్నుకు ఉన్న ద్విత్వం ఫ్యానుకు ఎందుకు లేదు?

సందేహం: ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ‘బాంకు’, ‘బ్యాంకు’ రెండూ కనిపిస్తున్నాయి, ఏది సరి? ‘బ్యాట్’ అని బోర్డు మీద రాస్తే కొందరు పిల్లలు ‘బియాట్’ అని చదువుతున్నారు. అక్కడ లేని యకారాన్ని మనం ఎందుకు రాస్తున్నాం? ఇంకొకటి. పెన్ను, కప్పు, బస్సు అని ఒత్తు పెడతాం. ఫ్యాను, షాపు, గేటు అన్నప్పుడు పెట్టం. దీనికి నియమం ఉందా? – ఒక ఉపాధ్యాయిని, భీమవరం

సమాధానం: ‘బ్యాంకు’ అనే రాయండమ్మా. ‘బాంకు’ తప్పని కాదు, చాలామంది పెద్దలు అలాగే రాశారు. కానీ ఇంగ్లిషు నుంచి వచ్చిన పొట్టి మాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే యకారం అవసరం తెలుస్తుంది. ‘హట్’ అంటే గుడిసె, ‘హిట్’ అంటే కొట్టడం, ‘హీట్’ అంటే వేడిమి. ‘హాట్’ అంటే వేడిగా ఉన్నది, ‘హ్యాట్’ అంటే టోపీ. యకారం తీసేస్తే టోపీ కాస్తా వేడెక్కిపోతుంది. అలాగే ‘టాప్’ పైభాగం, ‘ట్యాప్’ కుళాయి. ‘కాట్’ చిన్న మంచం, ‘క్యాట్’ పిల్లి. డాక్టరు, ఆఫీసు, లారీ వంటి మాటల్లో ఇంగ్లిషువాళ్లు పెదవులు గుండ్రం చేసి పలికే అచ్చుకు మనం ‘ఆ’ను ఇచ్చేశాం. ఆ గుర్తు ఖాళీగా లేదు కాబట్టి ‘బ్యాట్’లోని అచ్చుకు ఇంకో గుర్తు కావలసి వచ్చింది. మరాఠీవాళ్లు దానికోసం అక్షరం నెత్తిన అర్ధచంద్రం పెట్టుకున్నారు. మనం కొత్త గుర్తు చేసుకోలేదు, ఉన్న యకారాన్నే వాడుకున్నాం.

దాంతో ఒకే రాతకు రెండు చదువులు వచ్చాయి. ‘వ్యాసం’, ‘న్యాయం’లో ఉన్నది నిజమైన యకారం, దాన్ని పలకాలి. ‘బ్యాట్’, ‘గ్యాసు’లో ఉన్నది అచ్చుకు గుర్తు మాత్రమే. మీ పిల్లలు ‘బియాట్’ అంటున్నారంటే రాసినది రాసినట్టు చదువుతున్నారన్నమాట, వాళ్లను కోప్పడకండి. ఆ ధ్వని వాళ్ల నోట్లో ఇప్పటికే ఉంది, దాన్ని చూపిస్తే చాలు. ‘మేకు’ అనమనండి, వెంటనే ‘మేక’ అనమనండి. రెండోసారి నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. ‘వేడి’ – ‘మేడ’, ‘నేడు’ – ‘నేల’ కూడా అంతే. తరవాతి అక్షరంలో అకారం ఉంటే ముందున్న ఏకారం ‘బ్యాట్’ అచ్చు వైపు జారుతుంది. ఇక మీ కోస్తా జిల్లాల్లో ‘వచ్చాడు’, ‘చేశాడు’ అనేటప్పుడు వినిపించేది అచ్చంగా ఆ అచ్చే. రాత ‘ఆ’ అంటుంది, నోరు ఇంకొకటి అంటుంది. ఉత్తరాంధ్ర కథల్లో ‘వచ్చేడు’, ‘చెప్పేడు’ అని కనిపించేది ఈ ధ్వనిని పట్టుకునే ప్రయత్నమే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆధునిక తెలుగు వ్యాకరణంలో దీన్ని ప్రత్యేకమైన అచ్చుగానే లెక్కపెట్టారు. కాబట్టి ఇది పరాయి ధ్వని కాదు. మనకు లేనిది అక్షరమే.

మీ రెండో ప్రశ్న నాకు ఇంకా ఇష్టమైనది. నియమం ఉంది, చక్కనిది. అచ్చు పొట్టిదైతే చివరి హల్లు రెట్టిస్తుంది: పెన్ను, పిన్ను, కప్పు, నట్టు, బిల్లు, బెల్లు, బుక్కు, టబ్బు, ప్లగ్గు. అచ్చు పొడుగైతే రెట్టించదు: గేటు, సీటు, కోటు, బూటు, రూము, స్పూను. ఇది ఇంగ్లిషు మాటలకోసం పుట్టింది కాదు. కప్పు – కాపు, పట్టు – పాటు, చెట్టు – చోటు అని మన మాటలు ఎప్పటినుంచో నడుస్తున్న దారి. పరాయి మాట హల్లుతో ఆగిపోతే మనం ఉకారం చేర్చి మన మాటను చేసుకుంటాం. చేర్చేటప్పుడు చెవి ముందున్న అచ్చు కొలత చూసుకుంటుంది. ఎవరూ నేర్పకుండానే అక్షరం రానివాళ్లు కూడా ఇందులో తప్పు చెయ్యరు.

ఇప్పుడు ‘ఫ్యాను’ చూడండి. ఇంగ్లిషు వ్యాకర్తలు ‘పిన్, పెన్, ప్యాన్’లలో ఉన్న మూడు అచ్చుల్నీ హ్రస్వాలుగానే చెబుతారు. ఆ మాట నిజమైతే మనం ‘ఫ్యాన్ను’, ‘బ్యాగ్గు’ అనాలి. అనం. ఫ్యాను, బ్యాగు, మ్యాపు, గ్యాసు అంటాం. ‘షాపు’, ‘లాకు’ కూడా ఇంగ్లిషు లెక్కలో హ్రస్వాలే, మనం ‘షాప్పు’ అనలేదు. గోదావరి కాలవల మీద లాకులు ఎన్ని తరాలనుంచో లాకులే. అంటే ఈ రెండు అచ్చుల్నీ తెలుగు చెవి దీర్ఘాల కిందే జమకట్టింది. ఆ చెవి పొరపడలేదు. ‘బ్యాడ్’, ‘బ్యాగ్’ వంటి మాటల్లో ఇంగ్లిషువాళ్లు కూడా ఆ అచ్చును ‘బెడ్’లోని దానికంటే సాగదీసే పలుకుతారు. పుస్తకంలో రాసుకున్న హ్రస్వం కంటే మనవాళ్లు విన్న దీర్ఘానికే నేను విలువిస్తాను. ‘రోడ్డు’ మాత్రం ఈ వరుస తప్పింది. వాడుక స్థిరపడింది కాబట్టి దాన్ని అలాగే ఉంచండి.

మన రాతకు ఇంకో సుగుణం ఉంది. ఇంగ్లిషులో అచ్చు అక్షరాలు 5, ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణలో అచ్చు ధ్వనులు 20 దాకా. అందుకే ‘కట్’కూ ‘పుట్’కూ వాళ్లు ఒకే అచ్చు రాస్తారు. ఒకప్పుడు ఆ రెండూ ఒకేలా పలికేవి. 17వ శతాబ్దంలో దక్షిణాది ఇంగ్లండులో విడిపోయాయి. ఉత్తర ఇంగ్లండులో ఇప్పటికీ చాలామంది నోట కలిసే ఉన్నాయి. ‘కట్’ అంటే కోయడం, ‘పుట్’ అంటే పెట్టడం, ‘నట్’ మరచుట్టు, ‘పుష్’ నెట్టడం – ఏది ఎలా పలకాలో ఇంగ్లిషు పిల్లలు మాటమాటకూ గుర్తుపెట్టుకోవాలి. మీ పిల్లలకు తెలుగులో రాసిస్తే చూడగానే తెలిసిపోతుంది.

తరగతిలో ఒక పని చేయించండి. ‘పిన్, పెన్, ప్యాన్, పన్’ అని రాసి గుండుసూది, కలం, పెనం, శ్లేష అని అర్థాలు చెప్పండి. తరవాత ఒక్కోదానికి ఉకారం చేర్చి పలకమనండి. ‘ప్యాను’ దగ్గర ఒత్తు దానంతటదే మాయమైపోతుంది. యకారం పలకకూడదన్న సంగతి అక్కడ చెప్పండి, వాళ్లకు అప్పుడు బాగా పట్టుబడుతుంది.