50 కిలోమీటర్లకు ఒక రోజంతా

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సైకిలు ప్రయాణ పట్టిక చూశాను. శ్రీకాకుళం నుంచి మచిలీపట్నం దాకా 14 మంది, రోజుకు 70, 80 కిలోమీటర్ల చొప్పున. బాగుంది. అయిదో రోజు దగ్గర మాత్రం "ధవళేశ్వరం నుంచి అంబాజీపేట, సుమారు 50 కిలోమీటర్లు, తేలిక" అని రాసి, పక్కనే "ఆలస్యమైతే ఈ రోజు సర్దుకోవచ్చు" అని చేర్చావు. ఆ రెండో మాట నీ చేత కొట్టేయించడానికే ఈ ఉత్తరం.

నా యౌవనంలో మేము తొమ్మిది మందిమి ఇలాగే ఒక తేలిక రోజును పాత బాకీ తీర్చడానికి వాడుకున్నాం. ఎక్కడా ఆగకుండా తొక్కి, ఎండ ముదరక ముందే బసకు చేరి, మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం. మర్నాడు ఇద్దరికి మోకాళ్ళు వంగలేదు. వాళ్ళ సైకిళ్ళు బస్సు మీదకెక్కాయి. వాళ్ళు బస్సులోకి ఎక్కారు. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. మీ అత్తయ్యకు ఇప్పటికీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

గోదావరి డెల్టా నేలను చూసి మోసపోవద్దు, తల్లీ. ఇక్కడ వంతెన వస్తే తప్ప ఎత్తు లేదు, వంతెన దిగితే తప్ప పల్లం లేదు. పల్లం లేదంటే కాళ్ళకు సెలవు లేదని అర్థం. తుని, అన్నవరం వైపు ఎత్తెక్కి అలిసినా, దిగేటప్పుడు సైకిలు దానంతట అదే పోతుంది, మనం సీటు మీద నుంచి కాస్త లేస్తాం. ఇక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కూర్చోవడం, ఒకే తొక్కుడు. నాలుగు రోజుల ప్రయాణంలో ఒరుసుకున్న చర్మం అయిదో రోజే మంట పెడుతుంది. అందుకని పావుగంటకోసారి అందరినీ పెడళ్ళ మీద నిలబెట్టు. గేరు చిన్నదిగా ఉంచి కాళ్ళు చకచకా ఆడించమను. బరువు గేరులో తొక్కడం మగతనమనుకునే కుర్రాళ్ళు ప్రతి గుంపులోనూ ఇద్దరుంటారు. వాళ్ళ మోకాళ్ళ సంగతి పైన చెప్పాను.

ఉదయం ఆరింటికల్లా ధవళేశ్వరం దగ్గర గోదావరి మీది బ్యారేజీ ఎక్కండి. మంచు ఉంటుంది, లారీలు ఉంటాయి. ఒకరి వెనక ఒకరు వెళ్ళాలి, వెనక ఎర్ర దీపం వెలుగుతుండాలి. ఫొటోల కోసం దాని మీద ఎవరూ ఆగవద్దు. మధ్యలో పిచ్చుకలంక వస్తుంది, అక్కడ ఆగండి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో వచ్చిందే ఈ బ్యారేజీ అని నీ స్నేహితులకు చెప్పు. ఆ రోజు మీకు కనిపించే ప్రతి కాలువలోని నీళ్ళూ ఇక్కడ నిలిపి మళ్ళించినవే.

బొబ్బర్లంక దాటితే కాలువ గట్టు దారి. ఒకప్పుడు పడవలకు తాడు కట్టి, మనుషులు ఈ గట్ల మీద నడుస్తూ లాగేవారు. నడిచే మనిషి కోసం ఏర్పడిన దారి అది. దాని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతే గేదె అడ్డం వస్తుంది, లేదా బడి పిల్లలు అడ్డం వస్తారు. తప్పు వాళ్ళది కాదు. టైర్లలో గాలి కొద్దిగా తగ్గిస్తే గతుకులు తెలియవు. తారు రోడ్డెక్కాక మళ్ళీ కొట్టుకోండి.

డిసెంబరు కాబట్టి సార్వా (ఖరీఫ్) ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంటుంది. దాని మీదికి చక్రం పోనివ్వవద్దు. గింజల మీద టైరు జారుతుంది, అది ఒక సంగతి. ఆ గింజ ఒకరి ఏడాది కష్టం, అసలు సంగతి అది. దిగి నడిపించుకుపోండి. అలా నడిచే మనుషులకే ఇక్కడి వాళ్ళు పిలిచి మంచినీళ్ళిస్తారు.

ఆత్రేయపురంలో పూతరేకులు తినకుండా రారని తెలుసు. కొనే ముందు చేసే ఇల్లు చూడండి. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డతో కుండ మీద ఒక్క పూత. రెప్పపాటులో రేకు లేస్తుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పెట్టెలు ఇంకా అందంగా తయారయ్యాయి. ఆ పెట్టెను మాత్రం క్యారియరుకు కట్టవద్దు. నేనొకసారి కట్టాను. ఇంటికి చేరింది నేతి వాసన వేసే పొడి. తలా ఒకటి అక్కడే తినండి. నెయ్యీ చక్కెరా ఎక్కువైతే ఎండలో దాహం ఆగదు. కాసేపు లొల్ల లాకుల దగ్గర కూర్చోండి. ప్రధాన కాలువ అక్కడే పాయలుగా చీలుతుంది. ఓపికుంటే ర్యాలి గుడికి వెళ్ళండి. ఒకే రాతిలో ముందు కేశవుడు, వెనక మోహిని. పూజారిని అడిగితే వెనక వైపు చూపిస్తారు.

రావులపాలెంలో అరటి గెలల మార్కెట్టు దగ్గర కనీసం అరగంట ఆగాలి. ఇది నా ఆజ్ఞ అనుకో. గెలలు కట్టిన సైకిళ్ళు చూడు. రెండు పక్కలా సరిసమానంగా, బరువు కిందికి దిగేలా కడతారు. నువ్వు ఫొటోలో చూపించిన మీ సంచుల సర్దుడు నాకు నచ్చలేదు. బరువంతా పైనే ఉంది. ఆ రైతులను చూసి మళ్ళీ సర్దుకోండి. కర్పూర అరటిపళ్ళు కొనండి, మీ రంగు కాగితాల బిస్కెట్ల కన్నా నయం.

భోజనం అయ్యాక మూడింటి దాకా కదలవద్దు. కొబ్బరి చెట్టు కింద మాత్రం నడుం వాల్చకండి. ఊరివాళ్ళెవరూ పడుకోరు. మట్టో, కాయో రాలితే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. మామిడి చెట్టు వెతుక్కోండి.

ఇక గుంపు సంగతి. విచిత్రం ఏమిటంటే, కష్టమైన రోజున గుంపు కలిసే ఉంటుంది, తేలిక రోజునే చెదిరిపోతుంది. ఎవరికి వారు బాగానే ఉన్నాం కదా అనుకుంటారు. పంక్చరు సామాను, పంపు, స్పానర్లు అన్నీ చివరి సైకిలు దగ్గర ఉంచు. ముందువాడి దగ్గర ఉంటే, వెనకవాడి టైరు దిగినప్పుడు ఆ సామాను అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. చివరన తొక్కేవాళ్ళు మీలో అందరికన్నా నెమ్మదైనవాళ్ళు కాకూడదు. ఓపికా, చేతిపనీ తెలిసినవాళ్ళు కావాలి. కలుసుకునే చోట్లను కిలోమీటర్లతో కాదు, వంతెన, లాకులు, గుడి అని చెప్పు.

మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, మీరు వచ్చేదీ ఆ వైపే. అప్పుడు పక్కపక్కన కబుర్లు మాని వరుసకట్టండి. ముందున్నవాళ్ళు అయిదేసి నిమిషాలకు తప్పుకుని వెనక్కి రావాలి. ఆ చివరి 20 కిలోమీటర్లకు బలం మిగలాలనే పొద్దున్నుంచి నిన్ను ఆగమంటున్నాను.

రాత్రికి మన ఇల్లే. మర్నాడు పొద్దున పొట్టిక్కలు. పనసాకు బుట్టల్లో ఉడికిన ఇడ్లీ అంటే ఏమిటో నీ స్నేహితులకు ముందే చెప్పకు, తిని తెలుసుకుంటారు. కొత్తపేట దాటగానే ఒక ఫోను చెయ్యి. 14 మందికి ఎసరు ఎప్పుడు పెట్టాలా అని మీ అత్తయ్యకు ఇప్పటినుంచే బెంగ.

ఇట్లు,
మీ మామయ్య