ఎక్మో గొట్టాలను కోత లేకుండా తీయడం సురక్షితమేనా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58 ఏళ్లు. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరం వాచి, పంపింగ్ బాగా పడిపోవడంతో 7 రోజులుగా గుండె, ఊపిరితిత్తుల పనిని బయటి నుంచి చేసే ఎక్మో మిషన్ మీద ఉన్నారు. గుండె కోలుకుంటోందని, ఒకటి రెండు రోజుల్లో మిషన్ తీసేస్తామని డాక్టర్లు చెబుతున్నారు. గజ్జల్లోని గొట్టాలను ఆపరేషన్ లేకుండా ఐసీయూలో మంచం మీదే తీసి, రక్తనాళాన్ని ఒక పరికరంతో మూసేస్తారట. ఆయనకు 10 ఏళ్లుగా షుగర్ ఉంది. అంత లావు గొట్టం తీస్తే రక్తం ఆగుతుందా? కోసి కుట్టడమే నయమా?

డాక్టర్ సలహా: మీరు అడిగినదాంట్లో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. మిషన్ లేకుండా గుండె నడవగలదా అన్నది మొదటిది. గొట్టాలను ఏ పద్ధతిలో తీయాలన్నది రెండోది. మొదటిది తేలిన తర్వాతే రెండోదాని గురించి ఆలోచించాలి.

మీ నాన్నగారికి పెట్టిన ఎక్మో పెద్ద సిర నుంచి రక్తాన్ని తీసుకుని, దానికి ఆక్సిజన్ ఎక్కించి, తొడ ధమని ద్వారా తిరిగి శరీరంలోకి పంపుతుంది. తీసే ముందు ఈ ప్రవాహాన్ని మెట్టుమెట్టుగా తగ్గిస్తూ, నిమిషానికి ఒకటి, ఒకటిన్నర లీటర్ల దాకా తెచ్చి, ఎకోలో గుండె పనితీరు చూస్తారు. బీపీ నిలకడగా ఉండి, ఎడమ జఠరిక (శరీరానికి రక్తాన్ని నెట్టే గుండె గది) పంపింగ్ కనీసం 20 నుంచి 25 శాతం ఉంటే తీయడానికి సిద్ధమవుతారు. ఆ అంకె విని కంగారు పడకండి. అది మిషన్ అవసరం తీరిందని చెప్పే గీత మాత్రమే. ఈ జబ్బులో గుండె ఆ తర్వాత కూడా వారాల తరబడి మెరుగుపడుతూ రావచ్చు.

ఇక గొట్టాల సంగతి. ధమనిలో పెట్టే గొట్టం సాధారణంగా 15 నుంచి 19 ఫ్రెంచ్ సైజులో ఉంటుంది. 3 ఫ్రెంచ్ అంటే 1 మిల్లీమీటరు కాబట్టి, దాని మందం 5 నుంచి 6 మిల్లీమీటర్ల పైమాటే. యాంజియోగ్రామ్‌కు వాడే గొట్టం సుమారు 2 మిల్లీమీటర్లే ఉంటుంది కనుక, దాన్ని తీసి కాసేపు చేత్తో నొక్కితే సరిపోతుంది. ఎక్మో గొట్టం తీశాక ధమనిలో మిగిలే రంధ్రాన్ని మాత్రం నొక్కుడు మీద వదిలేయడం నమ్మదగ్గ పని కాదు, దాన్ని ఏదో ఒక విధంగా మూయాల్సిందే. సిరలో గొట్టం ఇంకా లావుగా ఉన్నా అక్కడ రక్తపు ఒత్తిడి తక్కువ కాబట్టి, చర్మానికి ఒక కుట్టు వేసి కాసేపు నొక్కితే ఆగుతుంది.

ధమనిని మూసే పాత పద్ధతి గజ్జ కోసి, ధమనిని కళ్లారా చూస్తూ కుట్టడం. గొట్టం చుట్టూ పేరుకున్న రక్తపు గడ్డలను బెలూన్ కేథటర్‌తో (కొసన బెలూన్ ఉన్న సన్నని గొట్టంతో) లాగేయడానికి, దెబ్బతిన్న గోడకు ప్యాచ్ వేయడానికి ఇందులో వీలుంటుంది. అది చిన్న లాభం కాదు. అయితే గజ్జ ఎప్పుడూ తేమగా ఉండే చోటు, పైగా లింఫ్ నాళాలు (కణజాలంలోని నీటిని మోసే సన్నని నాళాలు) గుంపుగా ఉండే చోటు. రోజుల తరబడి ఐసీయూలో నీరసించిన, షుగర్ ఉన్న మనిషికి అక్కడ కోత పెడితే చీము పట్టడం, నీరు కారుతూ ఉండడం, మానడానికి వారాలు పట్టడం నేను చూశాను. గుండె గెలిచిన తర్వాత గజ్జ పుండు కోసం మళ్లీ ఆసుపత్రిలో పడుకోవడం ఆ కుటుంబాలకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను.

పరికరంతో మూసే పద్ధతిలో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను ముందుగా తగ్గించడమో ఆపడమో చేసి, మిషన్ ఆపి, గొట్టాలకు క్లాంపులు వేస్తారు. ధమనిలోని గొట్టానికి బయటివైపు సూదితో పొడిచి, అందులోంచి సన్నని గైడ్ వైర్‌ను ధమనిలోకి పంపుతారు. ఒకరు గొట్టాన్ని లాగుతుంటే ఇంకొకరు గజ్జ మీద గట్టిగా నొక్కి పట్టుకుంటారు. ఆ వైర్ మీదుగానే మూసే పరికరం లోపలికి వెళ్తుంది. పర్‌క్లోజ్ వంటివి ధమని గోడకు దారంతో కుట్టు వేసి ముడి బిగిస్తాయి. మాంటా వంటివి లోపల ఒక చిన్న బిళ్లను ఆనించి, బయటివైపు కొలాజెన్‌తో రంధ్రాన్ని బిగిస్తాయి. ఈ బిళ్ల, కొలాజెన్ కొన్ని నెలల్లో శరీరంలో కరిగిపోతాయి. రక్తం ఆగిందని నిర్ధారించుకునే దాకా వైర్‌ను తీయకుండా ఉంచగలగడం దారంతో ముడి వేసే పద్ధతిలో ఒక మంచి వెసులుబాటు, చాలకపోతే అదే వైర్ మీద మరో కుట్టు వేయవచ్చు. రోగిని థియేటర్‌కు తరలించే పని కూడా తప్పుతుంది. వెంటిలేటర్, మందుల పంపులతో ఉన్న మనిషిని కదిలించడమే ఒక ప్రమాదమని ఐసీయూలో పనిచేసేవారందరికీ తెలుసు.

మీ నాన్నగారి విషయంలో నన్ను ఆలోచింపజేస్తున్నది 10 ఏళ్ల షుగర్. దానివల్ల ధమని గోడలో కాల్షియం పేరుకుని ఉంటే సూది గుచ్చుకోదు, బిళ్ల సరిగా ఆనదు. ధమని మరీ సన్నగా ఉన్నా, అత్యవసరంలో గొట్టం ఉండాల్సిన చోటుకు మరీ పైన గానీ కింద గానీ పడినా ఈ పద్ధతి తగదు. అందుకే తీసే ముందు గజ్జకు అల్ట్రాసౌండ్ చేశారా, ధమని ముందు గోడ శుభ్రంగా ఉందా, వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) అందుబాటులో ఉంటారా అని అడగండి. ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే పరికరంతో మూయడానికే ఒప్పుకోండి, నా సలహా అదే. ధమని బాగా లేదని తేలితే మాత్రం కోసి కుట్టడమే మేలు. పరికరం పట్టక చివరి నిమిషంలో కోత పెట్టాల్సి రావడమూ ఉంటుంది. ఆ అవకాశాన్ని ముందే లెక్కలో ఉంచుకునే సర్జన్‌ను పక్కన ఉంచుకోవాలి.

తీసిన తర్వాత మొదటి రోజంతా మీ దృష్టి ఆయన కాలి మీద ఉండాలి. నర్సులు గంట గంటకూ పాదం మీద నాడి చూస్తారు, చేతికి అందకపోతే రక్త ప్రవాహాన్ని శబ్దంగా వినిపించే డాప్లర్‌తో వింటారు. మీరు చూడటానికి వెళ్లినప్పుడు రెండు పాదాలనూ తాకి పోల్చండి. గొట్టం తీసిన వైపు చల్లగా, పాలిపోయి ఉన్నా, తిమ్మిరి అన్నా, వేళ్లు కదపలేకపోయినా వెంటనే చెప్పండి. పాత గడ్డ ముక్క కిందికి జారి, లేదా మూసిన చోట ధమని ఇరుకై రక్తం అందకపోతే గంటల్లోనే చికిత్స జరగాలి. గజ్జలో కొట్టుకునే వాపు, నడుములో నొప్పితో పాటు బీపీ పడిపోవడం లోపల రక్తం కారుతోందనడానికి గుర్తులు. సిరలో గొట్టం ఉన్న చోట గడ్డ ఏర్పడటం సాధారణమే కాబట్టి, కాలు వాచినా వాచకపోయినా కొద్ది రోజుల్లో సిరల డాప్లర్ స్కాన్ చేయించమని అడగండి.

ఇంటికి వెళ్లాక జ్వరం, గజ్జలో ఎర్రదనం లేదా చీము కనిపించినా, నాలుగడుగులు వేస్తే పిక్క పట్టేసి ఆగితే తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా చూపించండి. పరికరం వివరాలను డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. రాబోయే నెలల్లో యాంజియోగ్రామ్ అవసరమైతే, అదే గజ్జలో సూది వేసే ముందు డాక్టర్‌కు ఆ కాగితం చూపించాలి.