చుక్కల అమావాస్య నాడు లక్సర్‌లో: సంపూర్ణ సూర్యగ్రహణ యాత్రపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఖమ్మంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా గుంటూరు వచ్చి, లెక్కల ఉపాధ్యాయుడిగా ఇక్కడే పదవీ విరమణ చేశాను. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మా ఊరి మీదుగానే వెళ్ళింది. అప్పుడు నేను పదో తరగతి. మా నాయనమ్మ తలుపులన్నీ వేయించి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కించింది. గదిలో చీకటి చిక్కబడడం, బయట కాకులు గోలగా గూళ్ళకు చేరడం తప్ప నేనేమీ ఎరుగను. ఆ లోటు ఇన్నేళ్ళుగా మనసులో ఉండిపోయింది. 2027 ఆగస్టులో ఈజిప్టులో, 2028 జులైలో సిడ్నీలో సంపూర్ణ గ్రహణాలు ఉన్నాయని చదివాను. సిడ్నీలో మా అమ్మాయి కాపురం ఉంటోంది. దంపతులం ఇద్దరం వెళ్ళాలంటే దేనికి వెళ్ళడం మంచిది? ఏర్పాట్లు ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం చదువుతుంటే నాకు 2009 జులై 22 గుర్తుకొచ్చింది. ఆ రోజు సంపూర్ణ గ్రహణం చూడాలని రైలెక్కి పట్నా దాకా వెళ్ళి, అక్కడి నుంచి తారేగ్నా చేరుకుని, తెల్లవారుజామునే పొలం గట్టు మీద నిలబడ్డాను. వానాకాలపు మేఘాలు కమ్ముకుని ఉన్నాయి. ఉదయం పూట ఉన్నట్టుండి రాత్రయింది, కొన్ని నిమిషాలకు మళ్ళీ తెల్లవారింది. సూర్యబింబం మాత్రం ఒక్క క్షణం కూడా కనబడలేదు. మీరు తలుపుల వెనక నుంచి చూసినదాన్నే నేను మేఘాల కింద నుంచి చూశాను. అందుకే మీ ప్రశ్నకు నా జవాబు ఆకాశంతోనే మొదలవుతుంది.

2027 ఆగస్టు 2, సోమవారం నాటి గ్రహణం స్పెయిన్ దక్షిణ కొస మీదుగా, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాల మీదుగా వెళ్తుంది. ఈజిప్టులోని లక్సర్ దాదాపు ఆ దారి నడిబొడ్డున ఉంది. అక్కడ ఆగస్టులో వాన కాదు కదా, మబ్బు తునక కనబడడమే అరుదు. సూర్యుడు పూర్తిగా కప్పబడి ఉండే సమయం లక్సర్ పరిసరాల్లో 6 నిమిషాల 20 సెకన్ల పైచిలుకు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉండి పెద్దగా కనిపించడం, భూమి సూర్యునికి దూరంగా ఉండే రోజులు కావడం వల్ల సూర్యబింబం కొంచెం చిన్నదిగా ఉండడం, నీడ నడినెత్తి మీద నుంచి పడడం, ఈ మూడూ కలిసిరావడంతో అంత నిడివి వచ్చింది. ఇంతకు మించినది మళ్ళీ 2114లోనే.

సిడ్నీ సంగతి వేరు. 2028 జులై 22, శనివారం మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో నగరం మొత్తం నీడలోకి వెళ్తుంది. సంపూర్ణ దశ పావుతక్కువ నాలుగు నిమిషాలు. అప్పుడు అక్కడ చలికాలం. ఎండబాధ లేదు, హోటలు ఖర్చు లేదు, మనవల దగ్గర ఉన్నట్టూ ఉంటుంది. అయితే సముద్రపు ఒడ్డు నగరం కాబట్టి ఆ పూట మేఘం అడ్డురాదని ఎవరూ పూచీ పడలేరు. రెండింటికీ వెళ్ళగలిగితే అంతకన్నా కావలసింది లేదు. ఒక్కదానికే వీలవుతుందంటే, ఎండకు తట్టుకునే ఆరోగ్యం మీ ఇద్దరికీ ఉన్న పక్షంలో, లక్సర్‌కే వెళ్ళమంటాను. నలభై ఏడేళ్ళు ఎదురుచూసినవారు మబ్బుతో పందెం కాయకూడదు. గుండెజబ్బు, మూత్రపిండాల ఇబ్బంది లాంటివి ఎవరికైనా ఉంటే మాత్రం మొహమాటం లేకుండా సిడ్నీని ఎంచుకోండి; ఆగస్టు మధ్యాహ్నం లక్సర్‌లో 40 డిగ్రీలు దాటడం మామూలే. మన రెంటచింతల రోహిణి కార్తెను తలచుకుంటే అంచనా అందుతుంది, అయితే అది పొడి వేడి కాబట్టి చెమట పట్టినట్టే తెలియకుండా ఒంట్లో నీరు తరిగిపోతుంది.

లెక్కల మాస్టారు గనుక ఒక లెక్క చెబుతాను. ఒకే వరుసలోని గ్రహణాలు 18 సంవత్సరాల 11 రోజుల 8 గంటలకొకసారి వరుస తప్పకుండా తిరిగి వస్తాయి; దీన్ని సారోస్ చక్రం అంటారు. 2009 జులై 22కు ఆ గడువు కలిపి చూడండి, 2027 ఆగస్టు 2 వస్తుంది. చివరి 8 గంటల్లో భూమి మూడో వంతు తిరుగుతుంది కాబట్టి నీడ పడే చోటు పడమరకు జరిగి, ఆసియా నుంచి ఆఫ్రికాకు మారింది. నక్షత్రకాంతి సూర్యుని పక్కన వంగుతుందని 1919 మే 29న బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందం కొలిచిన గ్రహణం కూడా ఈ వరుసలోనిదే. తారేగ్నాలో నాకు దక్కని గ్రహణం మరుసటి వంతుగా లక్సర్‌కు వస్తోందని తెలిసిన రోజున నేనూ వెళ్ళాలని నిశ్చయించుకున్నాను.

ఇంకొక మాట మీ గుంటూరు గురించే. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం గుంటూరు మీదుగా వెళ్ళింది. దాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడలో వచ్చి గుంటూరులో మకాం పెట్టాడు. బ్రిటిష్ వారి తరఫున టెనెంట్ బృందం కూడా అక్కడే ఉంది. మద్రాసు నుంచి పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మచిలీపట్నం వచ్చాడు. సూర్యుని అంచున ఎగిసే ఎర్రటి జ్వాలలు వేడెక్కి వెలిగే వాయువులని వారి వర్ణపట పరిశీలనల్లో, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూడడంలో, తేలింది. ఆ వెలుగులో కనబడిన పసుపు గీత భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికే తరవాత హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో పట్టుకున్నాడు. గ్రహణం ముగిసిన మర్నాడు కూడా ఆ జ్వాలలను చూసే ఉపాయాన్ని జాన్సెన్ గుంటూరులోనే కనిపెట్టాడు. ఆనాడు జాన్సెన్ వారాల తరబడి ప్రయాణించి మన ఊరు వచ్చాడు. మనం కొన్ని గంటల్లో లక్సర్ చేరగలం.

ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెట్టండి. పాస్‌పోర్టు గడువు తిరిగి వచ్చే తేదీ తరవాత కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. లేకపోతే ముందుగా అది పునరుద్ధరించుకోండి. ఈజిప్టుకు వీసా కావాలి; నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి న్యూఢిల్లీలోని ఈజిప్టు రాయబార కార్యాలయం చెప్పినదే ప్రమాణంగా తీసుకోండి. హైదరాబాదు నుంచి గల్ఫ్ నగరాల మీదుగా కైరో చేరి, అక్కడి నుంచి విమానంలో గాని రైలులో గాని లక్సర్ వెళ్ళవచ్చు. జులై 31 నాటికే లక్సర్‌లో ఉండేలా చూసుకోండి, ఒక విమానం తప్పినా నష్టం ఉండదు. ముందుగా బుక్ చేయవలసింది హోటలు గది. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వచ్చే షరతు రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

ప్రశ్న: విజయవాడలో ఒక టూర్ల సంస్థ వారు “గ్రహణం ప్రత్యేక ఈజిప్టు యాత్ర” అని కరపత్రం ఇచ్చారు. అందులో ఆగస్టు 2న కైరోలో పిరమిడ్ల దర్శనం అని ఉంది. అడిగితే, అక్కడా గ్రహణం బాగానే కనబడుతుంది, తేడా కొంచెమే అంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, నిజం కాదు. కైరో సంపూర్ణ గ్రహణపు దారిలో లేదు, అక్కడ కనబడేది పాక్షిక గ్రహణమే. సూర్యుడిలో నూటికి ఒక్క వంతు మిగిలినా ఆ వెలుగు పగటిని నిలిపి ఉంచుతుంది. చుక్కలు రావు, కరోనా అనే సూర్యుని చుట్టూ ఉండే ప్రభ కనబడదు, కళ్ళద్దాలు తీయడానికి వీలుండదు. ఆ చివరి వంతు కూడా మాయమైన క్షణాన జరిగేది పూర్తిగా వేరొక సంగతి. ఒక్క వజ్రం పొదిగిన ఉంగరంలా అంచున వెలుగు మెరిసి ఆరిపోతుంది. నల్లని బింబం చుట్టూ ముత్యపు రంగు ప్రభ విచ్చుకుంటుంది. దిక్కులన్నిటా సంజె కెంజాయ పరుచుకుంటుంది. ఒంటికి చల్లగాలి తగులుతుంది. ఆ రోజు ఆషాఢ అమావాస్య, మన చుక్కల అమావాస్య. పట్టపగలు చుక్కలు కనబడే అమావాస్య మన ఆయుష్షులో ఎన్నిసార్లు వస్తుంది?

కరపత్రంలో ఆగస్టు 2 ఉదయం నుంచి సాయంత్రం దాకా లక్సర్‌లోనే ఉంటామని రాయించుకోండి. అబూ సింబెల్ ఆలయాలకు కూడా ఆ రోజు తీసుకువెళ్తామంటే ఒప్పుకోవద్దు, అదీ దారికి చాలా దక్షిణాన ఉంది. పిరమిడ్లు మర్నాడూ అక్కడే ఉంటాయి. రాసివ్వడానికి వెనుకాడే సంస్థకు డబ్బు కట్టకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్ళు, రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయింది. ఆయన గ్రహణం చూడవచ్చా? ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ములు ఉన్నాయి, అవి చాలవా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చూడవచ్చు, బయలుదేరే ముందు ఒకసారి కంటి వైద్యునికి చూపించండి. ఎక్స్‌రే ఫిల్ము, మసి పట్టిన గాజు, చలువ కళ్ళద్దాలు, పళ్ళెంలో నీళ్ళు, వీటిలో ఏదీ రక్షణ కాదు. కంటి లోపలి పొర రెటీనా కాలిపోయేటప్పుడు నొప్పి తెలియదు, అందుకే పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ముద్రించి ఉన్న గ్రహణపు కళ్ళద్దాలే వాడాలి. అవి పెట్టుకున్నాక సూర్యుడు తప్ప మరేమీ కనబడకూడదు. ఇంట్లో ట్యూబ్‌లైటు స్పష్టంగా కనబడితే ఆ జత పారేయండి.

పంచాంగం భాషలో చెబితే గుర్తుంటుంది. స్పర్శ నుంచి, అంటే గ్రహణం పట్టడం మొదలైనప్పటి నుంచి, నిమీలనం దాకా, దాదాపు గంటన్నర సేపు, అద్దాలు ఉండాలి. నిమీలనం అయ్యాక, అంటే ఆఖరి మెరుపు కూడా ఆరిపోయాక, అద్దాలు తీసి కేవలం కళ్ళతో చూడాలి. అప్పుడు అద్దాలతో చూస్తే ఏమీ కనబడదు. ఉన్మీలనం కాగానే, రెండో అంచున వెలుగు మొలకెత్తగానే, చూపు తిప్పుకుని మళ్ళీ అద్దాలు పెట్టుకోవాలి, మోక్షం, అంటే గ్రహణం పూర్తిగా విడిచేదాకా అంతే. లక్సర్‌లో సంపూర్ణ దశ మధ్యాహ్నం 1 గంట ప్రాంతంలో వస్తుంది, సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. పెద్దవారు తల ఎత్తి అంతసేపు నిలబడలేరు, కళ్ళు తిరుగుతాయి. మడతపెట్టే పడక కుర్చీ గాని, ఒక చాప, దిండు గాని దగ్గర ఉంచండి. పాక్షిక దశలో చెట్టు నీడను గమనించమనండి, ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా నెలవంక ఆకారంలో ఉంటుంది. చెట్టు లేకపోతే బూందీ చట్రం ఎండకు పట్టినా తెల్లగుడ్డ మీద వందల నెలవంకలు పడతాయి.

మోకాళ్ళ నొప్పులకు వాడే మందుల్లో ట్రమడాల్ ఉందేమో చూడండి. ఈజిప్టులో దాని మీద గట్టి ఆంక్షలు ఉన్నాయి, వెంట ఉంటే జైలు దాకా వెళ్ళవచ్చు; వైద్యుణ్ణి అడిగి వేరే మందు రాయించుకోండి. మిగిలిన మందులకు ఆంగ్లంలో రాసిన చీటీ వెంట ఉంచుకోవాలి.

ప్రశ్న: మా అత్తగారు కూడా మాతో లక్సర్ వస్తానంటున్నారు గాని, పట్టు స్నానం, విడుపు స్నానం నైలు నదిలో చేయాలని పట్టుబడుతున్నారు. చేయించవచ్చా?
– ఒక ఉద్యోగిని, మంగళగిరి

జవాబు: అత్తగారు చూడడానికి సిద్ధపడడమే సంతోషం. స్నానాలు చేయించండి, నైలులో మాత్రం వద్దు. ఆ నీటిలోని ఒక రకం నత్తల ద్వారా చర్మంలోకి చొరబడే బిల్హార్జియా అనే పురుగు వ్యాధి ఉంది. కాళ్ళు తడుపుకోవడం కూడా మంచిది కాదు. హోటలు గదిలో స్నానం చేసి సంకల్పంలో నైలు పేరు చెప్పుకుంటే సరిపోతుందని మీ పురోహితుని చేతనే ఆమెకు చెప్పించండి. ఉపవాసం ఉంటానంటే నీళ్ళు, ఉప్పు పంచదార కలిపిన పానీయం మాత్రం మానవద్దని బతిమాలండి, ఆ ఎండలో అది ప్రాణానికి సంబంధించిన విషయం. మోక్షం అయ్యాక విడుపు స్నానానికి మధ్యాహ్నం దాటుతుంది. గదికి తిరిగి వెళ్ళే వాహనం ముందే మాట్లాడుకోండి, ఆ వేళకు ఊరంతా ఒక్కసారిగా కదులుతుంది.