నలుగురు, ఒక కారు, దక్షిణ ద్వీపం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో స్నేహితులతో కలిసి కారులో తిరగాలనుకుంటున్న పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. డిసెంబరులో పది రోజులు వెళ్తున్నాం. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, టెకాపో, క్వీన్స్‌టౌన్, మిల్‌ఫర్డ్ సౌండ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) చూసి, పడమటి తీరం మీదుగా మళ్లీ క్రైస్ట్‌చర్చ్ చేరాలని ప్లాను. రోజుకు 400 కి.మీ. వేసుకున్నాం. హైదరాబాద్ నుంచి విజయవాడకు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే అలవాటున్నవాళ్లం, ఇబ్బంది ఉంటుందా? (హైదరాబాద్)

జవాబు: ఉంటుంది. విజయవాడ హైవే నాలుగు వరసలది, మధ్యలో డివైడరు ఉంది. దక్షిణ ద్వీపంలో స్టేట్ హైవే అన్నా చాలావరకు రెండే వరసలు: మీకొకటి, ఎదుటివాళ్లకొకటి, మధ్యలో ఉన్నది రంగు గీత మాత్రమే. ఊరి బయట పరిమితి సాధారణంగా గంటకు 100 కి.మీ. అది దాటకూడని హద్దే తప్ప అందుకోవాల్సిన లక్ష్యం కాదు. మలుపుల దగ్గర పసుపు బోర్డు మీద 35, 45, 55 అని కనిపిస్తే ఆ వేగానికి దిగాల్సిందే. శ్రీశైలం ఘాట్‌లో బండి నడిపినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అందుకే కిలోమీటర్లు పక్కనపెట్టి గంటల్లో లెక్క వేయండి. మ్యాప్ మూడు గంటలంటే నాలుగు అనుకోండి. రోజుకు చక్రం తిరిగేది నాలుగు గంటలు దాటకుండా చూసుకోండి, దాటక తప్పని రోజులు రెండుకు మించనీయకండి.

మీ పది రోజులు ఇలా సర్దుకోవచ్చు. దిగిన రోజు కారు తీసుకోవద్దు. ఇక్కడి నుంచి ఒకటి రెండు విమానాలు మారి చేరేసరికి నిద్ర కరువవుతుంది, పైగా అక్కడి గడియారం డిసెంబరులో మనకంటే ఏడున్నర గంటలు ముందు. రెండో రోజు టెకాపో, సుమారు 225 కి.మీ. మూడో రోజు మౌంట్ కుక్ గ్రామం, దాదాపు 105 కి.మీ. నాలుగో రోజు 971 మీటర్ల ఎత్తులో ఉన్న లిండిస్ కనుమ దాటి వనాకా. ఐదో రోజు క్వీన్స్‌టౌన్, ఆరో రోజు టె అనావ్, ఏడో రోజు అక్కడి నుంచి మిల్‌ఫర్డ్ వెళ్లి రావడం, ఎనిమిదో రోజు తిరిగి వనాకా. తొమ్మిదో రోజు హాస్ట్ కనుమ మీదుగా ఫ్రాంజ్ జోసెఫ్, పదో రోజు ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్. ఈ చివరి రెండే పొడుగు రోజులు. ఒక్క ఖాళీ రోజు కూడా మిగల్లేదు చూశారా? పడమటి తీరంలో వాన కుంభవృష్టి. కొండచరియ విరిగి రోడ్డు మూస్తే దగ్గర్లో మరో దారి ఉండదు. తిరుగు విమానం పదకొండో రోజు సాయంత్రానికి తీసుకోండి, కుదిరితే పన్నెండో రోజుకు. సెలవు పెరగదంటే మౌంట్ కుక్‌లో రాత్రి బస తీసేసి, టెకాపో నుంచి వనాకా వెళ్లే రోజునే పక్కకు మళ్లి చూసి పోవచ్చు.

ఆర్థర్స్ పాస్ దారిలో ఒటీరా దగ్గర రోడ్డు బాగా నిటారు. మీరు పడమర నుంచి ఎక్కుతారు కాబట్టి ఇంజను వేడి మీటరు మీద కన్నేసి ఉంచండి. ఎదురుదిశలో దిగేవాళ్లయితే ఆటోమేటిక్ కారునైనా లో గేరులో పెట్టాలి. దారి పొడుగునా బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి.

ప్రశ్న: మన లైసెన్సు చెల్లుతుందా, ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలా? (గుంటూరు)

జవాబు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లైసెన్సు కార్డుల మీద వివరాలు ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి పర్యటనకు వెళ్లినవాళ్లకు ఆ కార్డు సరిపోతుంది. కానీ అసలు కార్డే జేబులో ఉండాలి. డిజీలాకర్ చూపిస్తే ఇక్కడి పోలీసు ఒప్పుకుంటాడు, అక్కడ దాన్ని నమ్ముకోవద్దు. కార్డు మీద అక్షరాలు చెరిగిపోయినా, కొన్ని అద్దె కంపెనీల షరతుల కోసమైనా పర్మిట్ దగ్గరుంచుకోవడం మేలు. మీ చిరునామా ఉన్న ఆర్టీవో ఆఫీసులోనే ఇస్తారు. ఫీజు 1000 రూపాయలు, గడువు ఏడాది. పాస్‌పోర్టు, వీసా నకళ్లు అడుగుతారు కాబట్టి వీసా రాగానే వెళ్లండి, ప్రయాణం ముందు వారానికి వాయిదా వేయకండి. పర్మిట్ ఒక్కటే చూపిస్తే చెల్లదు, దానితోపాటు లైసెన్సు ఉండాల్సిందే.

ప్రశ్న: కారు నా పేరు మీద బుక్ చేస్తున్నాను. ముగ్గురం మార్చి మార్చి నడుపుతాం. బీమా ఎంతవరకు తీసుకోవాలి? ఏదైనా జరిగితే డబ్బు దగ్గర స్నేహం చెడకుండా ఏం చేయాలి? (విశాఖపట్నం)

జవాబు: ఎక్కువమంది ఆలస్యంగా అడిగే ప్రశ్న ఇది. మీరు ముందే అడిగారు, సంతోషం.

మొదట చక్రం పట్టే ముగ్గురి పేర్లూ ఒప్పంద పత్రంలో ఎక్కాలి. పేరు లేనివాడు నడుపుతుండగా ప్రమాదం జరిగితే బీమా ఉన్నా లేనట్టే. పాతికేళ్లు నిండనివాళ్లుంటే అదనపు రుసుమో, ఎక్కువ ఎక్సెస్సో పడే అవకాశం ఉంది, వయసు దాచకండి. ఎక్సెస్ అంటే బీమా ఉన్నా నష్టంలో మొదట మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం. మామూలు ప్యాకేజీల్లో అది వేల న్యూజీలాండ్ డాలర్లలో ఉంటుంది. రోజుకు కొంత అదనంగా కడితే సున్నా దాకా తగ్గిస్తారు. నాలుగు భాగాలు చేసుకుంటే అదేమంత భారం కాదు, తీసుకోమనే మా సలహా. అప్పుడు కూడా ముందు అద్దం, టైర్లు, కారు అడుగు భాగం, తప్పు ఇంధనం పోయడం బీమాలో కలిశాయా అని విడివిడిగా అడగండి. ఎదుటి లారీ చక్రం కింది నుంచి గులకరాయి ఎగిరి అద్దం మీద పెసరగింజంత గాటు పడటం అక్కడ తరచుగా జరిగేదే. ఆ గాటును ఆ పూటే కంపెనీకి చెబితే జిగురు నింపి ఆపగలుగుతారు. చలి రాత్రి అలాగే వదిలేస్తే పొద్దునకు అద్దం అడ్డంగా చీలుతుంది.

మరో సంగతి: న్యూజీలాండ్‌లో థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి కాదు. అంటే మిమ్మల్ని గుద్దినవాడికి బీమా ఉండాలని ఏమీ లేదు. ప్రమాదంలో గాయపడితే చికిత్సకు ఏసీసీ అనే ప్రభుత్వ పథకం పర్యాటకులకూ వర్తిస్తుంది. జ్వరానికి, గుండెనొప్పికి, రద్దయిన విమానానికి అది వర్తించదు. వాటికి ఇక్కడి నుంచే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకెళ్లాలి.

ఇక స్నేహం మాట. డిపాజిట్ కింద మీ క్రెడిట్ కార్డులో కొంత మొత్తం బిగించి ఉంచుతారు, హోటలు ఖర్చులకు ఆ పరిమితి అందదు. కాబట్టి రెండో మనిషి కార్డు హోటళ్లకు, మూడో మనిషిది పెట్రోలుకు అని ముందే పంచుకోండి. టికెట్లు కొనకముందే ఈ మూడు మాటలు గ్రూపులో రాసి అందరిచేతా ‘సరే’ అనిపించండి. కారుకు జరిగే నష్టం ఎవరు నడుపుతున్నా అందరిదీ సమానం, నడపని నాలుగో మనిషితో సహా. వేగానికి, పార్కింగుకు పడే జరిమానా మాత్రం ఆ సమయంలో నడిపినవాడిది. తాగి నడపడం, ఒప్పందం నిషేధించిన దారిలోకి పోవడం వల్ల వచ్చే నష్టం పూర్తిగా ఆ పని చేసినవాడిది. క్వీన్స్‌టౌన్ దగ్గరి స్కిప్పర్స్ రోడ్ అలాంటి నిషిద్ధ దారే. జరిమానా నోటీసులు మీరు ఇంటికొచ్చిన కొన్ని వారాలకు, కంపెనీ రుసుము కలుపుకొని, బుక్ చేసినవారి కార్డుకే వస్తాయి. ఎవరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి నడిపారో రోజూ ఒక్క వాక్యం రాసి పెట్టుకుంటే అప్పుడు వాదన ఉండదు.

కారు తీసుకునేటప్పుడు నాలుగు మూలలూ, అద్దం, చక్రాల అంచులూ, పైకప్పూ వీడియో తీయండి. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడండి. కొన్ని కార్లలో పంక్చరు ద్రావణం డబ్బా మాత్రమే ఉంటుంది.

ప్రశ్న: అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి కదా, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది? (వరంగల్)

జవాబు: ఎడమ అలవాటు ఉండటం పెద్ద ఊరట, నిజమే. కష్టం ఇంకోచోట ఉంది. మాన్యువల్ గేరుకు అలవాటైన ఎడమ కాలు ఆటోమేటిక్ కారులో క్లచ్ కోసం వెతుకుతుంది, బ్రేకు మీద పడుతుంది. వెనక బండి వచ్చి గుద్దుకుంటుంది. ఎడమ మడమను పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, మొదటి అరగంట ఖాళీ పార్కింగ్ స్థలంలో నడిపాకే రోడ్డెక్కండి.

దక్షిణ ద్వీపంలో, ముఖ్యంగా పడమటి తీరంలో, ఒంటి వరస వంతెనలు చాలా. వంతెనకు ముందు ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు మీద మీ దిశలో చిన్న ఎర్ర బాణం, ఎదురుగా పెద్ద నల్ల బాణం ఉంటే మీరే ఆగాలి. నీలం పలక మీద మీ దిశలో పెద్ద తెల్ల బాణం ఉంటే ముందు దారి మీది. మన దగ్గర ముందు ముక్కు దూర్చినవాడిదే వంతెన. అక్కడ అలా వెళ్తే మధ్యలో ఎదురెదురుగా నిలబడిపోతారు. దారి మీదైనా వేగం తగ్గించి, ఎదుటి బండి నిజంగా ఆగిందని చూశాకే ఎక్కండి.

రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి. మీ వైపు పసుపు గీత నిండుగా ఉంటే ఓవర్‌టేక్ చేయకూడదు. పిల్లల్ని ఎక్కించుకుంటూ, దింపుతూ ఆగిన స్కూలు బస్సును దాటేటప్పుడు, ఎదురుదిశలో వస్తున్నా సరే, 20 కి.మీ. వేగం మించకూడదు. వెనక మూడు బండ్లు చేరితే ఎడమకు తీసి దారివ్వండి. హారన్ కొట్టి దారి అడిగే అలవాటు అక్కడ లేదు, కొడితే తిట్టినట్టే తీసుకుంటారు. ఫోను చేత్తో పట్టుకుంటే 150 డాలర్ల జరిమానా. దారి చూడటం, పాటలు మార్చడం పక్క సీటువాళ్ల పని. ఫొటో కోసం రోడ్డు అంచున ఆపకండి, ఆగి చూడటానికి బోర్డు పెట్టిన చోట్లు దారిలో ఉంటాయి.

ప్రశ్న: ఆవకాయ, కారప్పొడులు, కరివేపాకు తీసుకెళ్లవచ్చా? ట్రెక్కింగ్ బూట్ల సంగతి కూడా చెప్పండి. (రాజమహేంద్రవరం)

జవాబు: ఏది తీసుకెళ్లినా ప్రయాణికుల ఫారంలో ‘ఆహారం ఉంది’ అని చెప్పండి. చెప్పి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు. చెప్పకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు కట్టాలి. పచ్చి కరివేపాకు, పండ్లు, తేనె, విత్తనాలు పెట్టుకోకండి. పచ్చడి, పొడి అంగడిలో సీలు వేసినవైతే అధికారికి లోపలేముందో చదివి తెలుస్తుంది. ఇంట్లో కట్టిన పొట్లానికి ఆ వీలు లేదు. విమానంలో తినగా మిగిలిన అరటిపండు బ్యాగులో మరిచిపోవడమే చాలామంది చేసే పొరపాటు, దిగేముందు బ్యాగు వెతుక్కోండి. బూట్లు కూడా చెప్పాల్సినవే. అడుగు గాళ్లలో ఎండిన మట్టి పాత టూత్‌బ్రష్‌తో గీకి, కడిగి, ఆరబెట్టి పెట్టండి.

బియ్యం, పప్పు, కూరగాయలు అక్కడే కొనుక్కోవచ్చు. క్రైస్ట్‌చర్చ్‌లో, క్వీన్స్‌టౌన్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లున్నాయి. పడమటి తీరానికి బయల్దేరేముందు వనాకాలో సరుకులు నింపుకోండి. వంటగది ఉన్న మోటెల్ గది తీసుకుంటే పూటకూళ్ల ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

ప్రశ్న: క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకునే ఏర్పాటున్న వ్యాను) తీసుకుంటే హోటలు ఖర్చు మిగులుతుందా? (తిరుపతి)

జవాబు: ఇద్దరికైతే మిగలవచ్చు, నలుగురికి అనుమానమే. ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోలేరు. స్థానిక కౌన్సిల్ అనుమతించిన చోటే, చాలాచోట్ల లోపలే బిగించిన టాయిలెట్‌తో సెల్ఫ్ కంటెయిన్డ్ సర్టిఫికెట్ ఉన్న వ్యానుకే. డీజిల్ వ్యాను అయితే ఇంధనం కాక కిలోమీటరు లెక్కన రోడ్డు పన్ను అదనంగా పడుతుంది. నలుగురు పెద్దవాళ్లు తడి బట్టలతో ఆ ఇరుకులో వారం గడపగలరా అన్నదీ ఆలోచించండి.

ప్రశ్న: జులైలో మిల్‌ఫర్డ్ రోడ్డు మీద మేమే నడుపుకుంటూ వెళ్లవచ్చా? (నిజామాబాద్)

జవాబు: మంచులో ఎప్పుడూ నడపనివాళ్లయితే టె అనావ్‌లో బస్సు ఎక్కండి. ఆ దారి 120 కి.మీ. లోపే. కానీ మే నుంచి నవంబరు దాకా టైరు గొలుసులు (మంచు మీద జారకుండా టైర్లకు తొడిగేవి) కారులో ఉండి తీరాలి, మంచు చరియల ప్రమాదమున్న చోట బోర్డులు పెట్టి ఆగడమే నిషేధిస్తారు, రోడ్డు ఉన్నట్టుండి మూసేస్తారు. జులైలో అక్కడ సాయంత్రం ఐదు దాటితే చీకటి. క్వీన్స్‌టౌన్ నుంచే పొద్దున బయల్దేరి రాత్రికి రావాలనుకునేవాళ్లు ఇంకోసారి ఆలోచించాలి. రోడ్డు టె అనావ్ చుట్టి పోతుంది కాబట్టి ఒకవైపే సుమారు 290 కి.మీ.

అయినా నడపాలంటే టె అనావ్‌లో ట్యాంకు నింపండి, గొలుసులు కూడా అక్కడ అద్దెకిస్తారు. దుకాణం ముందే ఒకసారి తొడిగి చూడండి. ముందు చక్రాలు లాగే కారుకు ముందు టైర్లకే వేయాలి. తొడిగి నాలుగు గజాలు కదిపి, ఆపి, మళ్లీ బిగించాలి. వేసుకున్నాక 40 కి.మీ. వేగం దాటొద్దు. ఊరు దాటాక ఫోను సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే దించుకోండి, ఎప్పటికి తిరిగొస్తారో బస చేసిన చోట చెప్పండి.

1954లో తెరిచిన హోమర్ సొరంగం కిలోమీటరుకు పైగా పొడవు, లోపల మిల్‌ఫర్డ్ వైపుకు బాగా వాలు. ఎండ నుంచి చీకట్లోకి పోతారు కాబట్టి నల్ల కళ్లద్దాలు తీసి, హెడ్‌లైట్లు వేసి దిగండి. సొరంగం బయట ఆకుపచ్చ కొండచిలుకలు, కియాలు, కార్ల మీద వాలతాయి. వైపర్ల రబ్బరు, తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ముక్కుతో లాగి పీకేస్తాయి. తిండి పెట్టకండి, ఆ పక్షులకే హాని. అద్దాలన్నీ మూసి, ఒకరు కారు పక్కనే నిలబడండి. వైపరు పోతే మిల్‌ఫర్డ్ వానలో వెనక్కి రావడం అసాధ్యం. అక్కడ ఏటా 6 మీటర్లకు పైగా వర్షం కురుస్తుంది.