ట్రిపుల్‌ఈ సీటు వదులుకొని పొలం అమ్మాలా?

ప్రశ్న: మా పాపకు నల్లగొండలోనే కన్వీనర్ కోటాలో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) సీటొచ్చింది. తనేమో ఫ్యాక్టరీలను హ్యాకర్ల నుంచి కాపాడే పని చేస్తానంటోంది. అర ఎకరం అమ్మి హైదరాబాద్‌లో మేనేజ్‌మెంట్ కోటాలో సైబర్ సెక్యూరిటీ సీటు తీసుకుందామనుకుంటున్నాను. ఏది మేలో పోల్చి చెప్పండి.
– రైస్‌మిల్లు ఆపరేటర్, మిర్యాలగూడ

జవాబు: కౌన్సెలింగ్ మొదలైతే చాలు, రోజూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. పోల్చమంటారు గానీ, ట్రిపుల్‌ఈ అని చెబితే చుట్టాల్లో చిన్నతనమని లోపలి బాధ. అవునా, కాదా?

మీ పాప చెప్పేది ఫోన్లు, బ్యాంకు ఖాతాల సంగతి కాదు. పంపులను, టర్బైన్లను నడిపే చిన్న కంప్యూటర్లు (పీఎల్‌సీ), వాటన్నిటినీ ఒక్కచోటి నుంచి చూసుకునే వ్యవస్థ (స్కాడా), వీటి భద్రత. వాటి మీద కన్నేసేవాళ్లలో శత్రుదేశాలున్నాయి, డబ్బు గుంజే ముఠాలున్నాయి. లోపలి మనుషులూ ఉంటారు. 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీలో జరిగింది అదే. మురుగునీటి పంపులకు కంట్రోల్ పరికరాలు బిగించిన కంపెనీలో మానేసినవాడు అక్కడి మున్సిపల్ కౌన్సిల్‌లో ఉద్యోగం అడిగితే ఇవ్వలేదు. ల్యాప్‌టాప్, రేడియో సెట్ కార్లో వేసుకొని తిరుగుతూ పంపులకు తప్పుడు ఆదేశాలిచ్చాడు. లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పొంగింది. వాడి బలమల్లా ఆ పంపులు తెలిసి ఉండటమే.

2015 డిసెంబరులో ఉక్రెయిన్‌లో కరెంటు కంపెనీల్లోకి హ్యాకర్లు చొరబడ్డారు. ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ బాణం దానంతటదే కదిలి బ్రేకర్లు ఆపేసింది. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది. మళ్లీ తెచ్చింది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేసిన కరెంటోళ్లే.

ఓసారి పిల్లలను ఒక ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. కంట్రోల్ రూములో మానిటర్ అంచునే పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉంది. ఆ కంప్యూటర్‌కే ఎవరిదో ఫోన్ చార్జింగ్ పెట్టారు! ఫోన్లోని వైరస్ అందులోకి ఎక్కొచ్చు. ఇదంతా తప్పని ఒక్క పిల్లాడికీ తట్టలేదు.

అందుకే సైబర్ సెక్యూరిటీ అని బోర్డు మార్చిన బ్రాంచీల మీద నాకు గురి తక్కువ. చాలాచోట్ల అది సీఎస్‌ఈకి నాలుగు సబ్జెక్టులు అతికించడమే. ల్యాబ్‌లో పీఎల్‌సీ ఉందా అని మీరు అడిగారా? ఫీజు అడిగి ఉంటారు. ఆరు నెలల ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్ల జోలికి అసలే పోకండి. నెట్‌వర్కింగ్, లినక్స్ ఇంట్లో కూర్చునీ నేర్చుకోవచ్చు. మోటారు, రిలే, బ్రేకర్ అలా రావు.

కోపగించుకోకండి, ఆ పొలం మీ పరువు కోసం అమ్ముతున్నారు, పాప కోసం కాదు. దామరచర్లలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు మీ పక్కనే ఉంది. అలాంటిచోట ట్రిపుల్‌ఈ చిన్నచదువేం కాదు. పాప వెనకబడదు, టెన్షన్ పడకండి.

పాసుబుక్ బీరువాలో పెట్టేయండి. రంగు మారిన బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్ బాగుచేయడానికి ఈసారి ఇంజినీర్ వచ్చినప్పుడు పాపను మిల్లుకు తీసుకెళ్లండి. ఆయన పెన్‌డ్రైవ్ ఎక్కడ పెడుతున్నాడో, అందులో ఇంకేముందో తననే అడగనివ్వండి.