పాత గేమింగ్ పీసీల ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతదా?

మీ పీసీల బీ450 మదర్‌బోర్డు, రైజెన్ 5 2600 ప్రాసెసర్ ఉంటే, ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతది, బోర్డు ర్యామ్ మార్చే పని లేదు, కొత్త రైజెన్ ప్రాసెసర్ 5600 అయినా 5700ఎక్స్3డీ అయినా అదే ఏఎమ్4 సాకెట్‌ల (బోర్డు మీద ప్రాసెసర్ పెట్టే జాగల) కూసుంటది. గేమ్‌లకైతే నేను ఎక్స్3డీనే తీస్కోమంట, దాంట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే స్పీడ్ మెమరీ) 96 ఎంబీ, 5600ల 32 ఎంబీనే. కానీ పాతది తియ్యకముందే బయోస్ (బోర్డుల ఉండే, పీసీని స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యున్రి, లేకుంటే కొత్తది పెట్టినంక డిస్‌ప్లే రాకపోవచ్చు. అప్‌డేట్ మధ్యల కరెంట్ పోతే బోర్డే ఖరాబైతది, మన వరంగల్‌ల గాలిదుమారం లేచిన పూట అస్సలు ముట్టుకోకున్రి. కూలర్‌ని సీదా పైకి గుంజొద్దు, కూలర్‌కు ప్రాసెసర్‌కు నడుమ పూసిన పేస్ట్ గట్టిపడి ప్రాసెసర్ దాంతోనే ఊడొస్తది, పిన్నులు వంగుతయ్, జరసేపు గేమ్ ఆడి వేడెక్కినంక బంద్ చేసి, ప్లగ్ తీసి, అటిటు మెల్లగ తిప్పుకుంట తియ్యాలె.