చెక్ భాష చదివితే ఉద్యోగం దొరుకుతుందా?

చెల్లెమ్మా, రామచంద్రాపురం నుంచి రాసిన ఉత్తరం అందింది. ఇంగ్లీషు సాహిత్యంలో బీఏ అయిందనీ, చెక్ దేశ రాజధాని ప్రాగ్‌లో చెక్ భాషా సంస్కృతులు చదవాలని ఉందనీ, "ఆ భాష అన్నం పెడుతుందా?" అని నాన్నగారు అడుగుతున్నారనీ రాశావు. నాన్నగారు పనిచేసిన బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీ 1960లలో చెకోస్లొవేకియా సహకారంతో లేచిందే. మన ఇళ్లలో అందరూ తొడిగిన బాటా చెప్పులు కూడా 1894లో జ్లీన్ అనే చెక్ ఊళ్లో మొదలైనవే. అయినా ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ముందు దానికే జవాబు చెబుతాను.

ఒక్క చెక్ భాష డిగ్రీనే నమ్ముకుంటే బతుకు కష్టం. తెలుగు–చెక్ అనువాదం మీద నెలనెలా జీతం వస్తుందని ఆశ పెట్టుకోకు. చెక్–ఇంగ్లీషు అనువాదంలో నేనుంటున్న ఈ చెక్ దేశంలో పుట్టి పెరిగినవాళ్లే వందలమంది ఉన్నారు. కానీ అకౌంట్స్, కొనుగోళ్లు, నాణ్యత తనిఖీ, ఐటీ, టీచింగ్, ఏదో ఒక పని చేతిలో ఉండి దానికి చెక్ తోడైతే నీ దారి వేరే. ప్రాగ్, బ్ర్నో నగరాల్లో పెద్ద కంపెనీల ఆఫీసులు చాలా ఉన్నాయి. వాటిలో ఇంగ్లీషుతో లోపలికి వెళ్లవచ్చు. ఫ్యాక్టరీ షెడ్డులో మాట, సప్లయర్‌తో ఫోను, జీతాల విభాగంలో కాగితం, ఇవన్నీ చెక్‌లోనే నడుస్తాయి. పైమెట్టు ఎక్కాలంటే అదే కావాలి. ఇంకో పని కూడా ఉంది. విదేశీయులకూ ఇక్కడి ఆఫీసులకూ మధ్య నిలబడి సాయం చేసే ఉద్యోగులు. దాన్ని ఇక్కడ ఒక వృత్తిగానే గుర్తించారు. నీలాగా మనుషులంటే ఇష్టం ఉన్నవాళ్లకు అది నప్పుతుంది.

ఇక ఫీజు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ భాషలో బోధించే కోర్సులకు ట్యూషన్ ఫీజు లేదు, ఏ దేశం వాళ్లకైనా సరే. నిర్ణీత కాలం మించి ఏడాదికి పైగా లాగితేనే కట్టాలి. ఇంగ్లీషులో బోధించేవాటికి మాత్రం ఫీజు ఉంటుంది. 1348లో మొదలైన చార్లెస్ యూనివర్సిటీలో విదేశీయుల కోసమే చెక్ భాష కోర్సు ఉంది. బ్ర్నోలో మసరిక్, ఓలోమోత్స్‌లో పలాత్స్కీ విశ్వవిద్యాలయాల్లోనూ చెక్ అధ్యయనం ఉంది. మిగతా డిగ్రీలకు సాధారణంగా బీ2 స్థాయి చెక్ అడుగుతారు, అంటే ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్న యూరప్ భాషా కొలతలో నాలుగో మెట్టు. అందుకోసం చేసే ఏడాది తయారీ కోర్సుకు డబ్బు కట్టాలి, గది అద్దె, తిండి ఖర్చు అదనం. "ఉచితం" అన్న మాట విని బయల్దేరి ఆ ఏడాది దగ్గరే ఆగిపోయినవాళ్లను చూశాను. నాన్నగారితో ఈ లెక్క ముందే మాట్లాడు.

భాష అంటే భయపడకు. తెలుగువాళ్లకు ఇంగ్లీషువాళ్లకన్నా సులువైన చోట్లున్నాయి. చెక్‌లో విభక్తులు ఏడు. ఇక్కడి పిల్లలు కూడా బడిలో వాటిని మొదటిది, రెండోది అని లెక్కపెట్టే నేర్చుకుంటారు, మన ప్రథమా ద్వితీయల్లాగే. ఐదోది సంబోధన. పిలిచేటప్పుడు రాముడు "రామా" అయినట్టు, యాన్ "యానె" అవుతాడు. హ్రస్వ దీర్ఘాల తేడా మనకు చెప్పక్కర్లేదు. "పస్" అంటే పాస్‌పోర్టు, దీర్ఘం ఇచ్చి "పాస్" అంటే బెల్టు. నువ్వు, మీరు తేడా కూడా అచ్చం ఉంది. పెద్దవాళ్లో, స్త్రీయో "నువ్వు అను" అని చెప్పేదాకా "మీరు" అనే పిలవాలి. పుస్తకంలో "మ్లదీ" అని రాసింది ప్రాగ్ వీధిలో "మ్లదేయ్" అవుతుంది, కిటికీకి "ఒక్నొ" కాస్తా "వొక్నొ" అవుతుంది. ఒకటిని వొకటి అనే మనకు అది కొత్తేమీ కాదు. గ్రాంథికం, వ్యావహారికం గొడవ తెలిసిన మనకు ఆ రెండు చెక్‌ల తేడా చప్పున పట్టుబడుతుంది.

కష్టమైనది క్రియ. రాస్తూ ఉంటే "ప్సాత్", రాసి ముగిస్తే "నప్సత్". దాదాపు ప్రతి క్రియకూ ఇలాంటి జంట ఉందనుకో, రెండేళ్లు దానితోనే పోతాయి. సంగీతకారుడు ద్వోర్జాక్ పేరులో వినిపించే ఆ "ర్జ"కు నాలుక తిరగడానికి నాకు ఆరు నెలలు పట్టింది. రోబో అన్న మాట కూడా ఇక్కడిదే. "రోబొత" అంటే వెట్టిచాకిరీ. ఒక్క మాట వెనక ఎంత చరిత్ర ఉందో ఇలాంటివి తెలిసినప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

భాష రాకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వచ్చిన మూడో ఏడు అద్దె ఒప్పందం చదవకుండానే సంతకం పెట్టాను. ఖాళీ చేసేటప్పుడు మూడు నెలల ముందు నోటీసు అన్న షరతు చూపించి డిపాజిట్ ఆపేశారు. ఆ వారమే సాయంత్రం క్లాసులో చేరాను.

ఉండిపోవాలనుకుంటే ఇది గుర్తుంచుకో. శాశ్వత నివాసానికి ఐదేళ్లు కావాలి, చదువుకున్న కాలం అందులో సగమే లెక్కకొస్తుంది. దానికి ఏ2 స్థాయి, పౌరసత్వానికి బీ1 స్థాయి పరీక్షలున్నాయి. ఇక్కడ డిగ్రీ పూర్తిచేసినవాళ్లు వర్క్ పర్మిట్ లేకుండా పని చేయవచ్చు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి తొమ్మిది నెలల వరకు నివాస అనుమతి అడగవచ్చు. నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి ఢిల్లీలోని రాయబార కార్యాలయంలో ఒకసారి సరిచూసుకో.

నీ స్థానంలో నేనుంటే వెంటనే విమానం ఎక్కను. ఢిల్లీ యూనివర్సిటీలోని స్లావిక్ భాషల విభాగంలో చెక్ నేర్పుతారు, ముందు ఆ దారి చూస్తాను. కుదరకపోతే ఇంట్లోనే ఏడాది ఆన్‌లైన్‌లో ఏ2 దాకా వస్తాను. ఈలోగా అకౌంట్స్ లాంటి కోర్సు ఒకటి చేతిలో పెట్టుకుంటాను. ఆ తరవాతే దరఖాస్తు. చెక్ విశ్వవిద్యాలయాల్లో చాలా విభాగాలకు గడువు ఫిబ్రవరి చివరి దాకానే. సర్టిఫికెట్ల గుర్తింపు, చెక్ అనువాదాలు అంతకన్నా ముందే మొదలుపెట్టాలి. డిగ్రీ ఒరిజినల్ ఇంకా చేతికి రాకపోతే మీ యూనివర్సిటీలో దానికోసం దరఖాస్తు ఈ వారమే పెట్టు.